ఇరవై అయిదో చుట్టు

చిరంజీవి మిడతకు అమ్మ ఆశీస్సులు.

నేనూ నాన్నా ఇక్కడ క్షేమం. నువ్వు కూడా అక్కడ క్షేమమని తలుస్తాను అని రాయాలి గానీ, నీ కాలినొప్పి గురించి రెండు పేజీలు చదివాక ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. ఈసారికి వదిలేస్తున్నాను.

నువ్వడిగినవి వరసగా చెబుతాను. నాన్న చెవిపోటు తగ్గింది. మందు చుక్కలు వేయించుకోవడానికి చిన్నపిల్లాడిలా పేచీ పెట్టి, మూడో రోజుకు దారికొచ్చారు. నీ పాత స్పైకు బూట్లు ఎవరికీ ఇవ్వలేదు, స్టోరు గదిలో పై అరలోనే ఉన్నాయి. కొత్త ప్రిన్సిపాల్ గారు మైదానం చుట్టూ పూలకుండీలు పెట్టిస్తారట. జావెలిన్ వచ్చి పడే చోట కూడా పెట్టమంటున్నారు. ఆయనకు ఎవరు నచ్చజెప్పాలా అని మేమంతా ఒకరి మొహం ఒకరం చూసుకుంటున్నాం.

ఈ ఉత్తరం ఆ స్టోరు గదిలోనే, హర్డిల్స్ పక్కన స్టూలు వేసుకుని రాస్తున్నాను. ఉదయం ఎనిమిదయింది. గీతలకు సున్నం వేసే బండి కడిగిపెట్టి కూర్చున్నాను. పదకొండింటికి నేను యూనివర్సిటీ కమిటీ ముందుకు వెళ్ళాలి. వెళ్ళేలోపు ఇది పోస్టు డబ్బాలో పడాలి. ఆదివారం శిక్షణ క్యాంపులో మీకిచ్చే పది నిమిషాల ఫోనులో, పక్కన ఇంకో పదిమంది పిల్లలు వింటుండగా చెప్పే సంగతి కాదు ఇది.

నీ హాస్టల్ గది నేస్తం గడియారం ఎలా ఉంది, ఆ పిల్లని ఇంకా పీడిస్తున్నారా అని అడిగావు. పీడిస్తున్నారు. జట్టు హాస్టల్లో నువ్వు ఖాళీ చేసిన మంచం ఇంకా ఖాళీగానే ఉంది, ఆ గదిలోకి ఎవరూ రామన్నారట. ప్రతి చుట్టూ అవే సెకన్లలో పరుగెత్తుతుందని నువ్వే ముద్దుగా ఆ పేరు పెట్టావు. ఇప్పుడు అందరూ వెళ్ళిపోయాక వచ్చి ఒంటరిగా ప్రాక్టీసు చేసుకుంటోంది. మొదటి ఏడాది అబ్బాయిల జట్టులో చేరిన పిల్ల, తాను అమ్మాయినని ధైర్యంగా చెప్పి, రెండేళ్ళు వైద్యం చేయించుకుని, డాక్టర్ల కాగితాలన్నీ చూపించి అమ్మాయిల పోటీల్లోకి వచ్చింది. రూలు ప్రకారమే వచ్చింది. ఆ రూలే ఉండకూడదని ఇప్పుడు గొడవ.

గొడవ చేసేవాళ్ళందరూ చెడ్డవాళ్ళని రాయలేను. పక్క కాలేజీ కోచ్ విజిలమ్మ నీకు తెలుసు కదా, నాకు ఇరవై ఏళ్ళ స్నేహితురాలు. పోయిన వారం వచ్చి, ఇదే గదిలో కూర్చుని టీ తాగుతూ అంది: "ఆ పిల్ల మీద నాకేం కోపం లేదే. కానీ నాలుగో స్థానంలో వచ్చి, జట్టులో చోటు పోయి ఏడుస్తున్న నా పిల్లకి నేనేం చెప్పను? మందులకి ఎముకలు కరుగుతాయా?" నేను ఖాళీ గ్లాసులో ఇంకాస్త టీ పోశాను. అదే సాయంత్రం హాస్టల్ గోడ మీద ఎవరో గడియారం గురించి ఒక బూతుమాట రాశారు. సున్నం కొట్టాను. మర్నాడు మళ్ళీ రాశారు, మళ్ళీ కొట్టాను. కాలేజీ మొత్తంలో ఇప్పుడు అంత తెల్లటి గోడ ఇంకోటి లేదు.

మరి నువ్వేమంటావమ్మా అని అడుగుతావు. గడియారం నిన్ను దాటి వెళ్ళినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. తనని చూసి గ్యాలరీలో కుర్రకారు ఈలలు వేసినప్పుడూ అంతే మండేది. ఏది న్యాయమో నాకు తేలలేదు. తేలిపోయిందని గట్టిగా మాట్లాడేవాళ్ళని చూస్తే నాకు కాస్త అసూయగా ఉంటుంది.

ఇక కమిటీ సంగతి. వచ్చే ఏడాది గడియారం అమ్మాయిల పోటీల్లో ఉండొచ్చా లేదా అన్నది వాళ్ళు ఈ రోజు తేలుస్తారు. తన తరపు వాళ్ళ చేతిలో ఉన్న పెద్ద ఆధారం నీ పందెమే. పదివేల మీటర్లలో నువ్వు తనను ఓడించావు కదా, అలాంటప్పుడు తనకి అదనపు బలం ఎక్కడిదని వాళ్ళ వాదన. నువ్వు రాసిచ్చిన కాగితం ఫైల్లో అన్నిటికంటే పైన ఉంది. "నేను ఆమెను న్యాయంగా ఓడించాను, ఆమెతో మళ్ళీ పరుగెత్తాలని ఉంది" అని రాశావు. గుండ్రటి నీ అక్షరాలు చూసి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ రోజు చుట్లు లెక్కపెట్టినదాన్ని నేను కాబట్టి, లెక్క సరిగ్గా ఉందని సంతకం పెట్టమని నన్ను పిలిచారు.

ఇప్పుడు నీ కాళ్ళ గురించి. ఇక్కడ ఆ పందెం ముప్పై ఆరు నిమిషాల నలభై సెకన్లలో ముగించి క్యాంపుకి ఎంపికైనదానివి, అక్కడ ఎంత చచ్చీచెడీ పరుగెత్తినా ముప్పై ఎనిమిది పది కంటే తగ్గడం లేదని రాశావు. బద్ధకమని కోచ్ అన్నాడని, రక్తపరీక్షలు చేయించారని, రెండు పూటలా అదనంగా పరుగెత్తిస్తుంటే మోకాలి కింద ముందు ఎముక నొప్పి పుడుతోందని రాశావు. చివర్లో "అమ్మా, నాలో ఏం పాడైంది?" అని అడిగావు. మూడు రోజులుగా ఆ ఒక్క ప్రశ్న నన్ను కూర్చోనివ్వడం లేదు, నిలబడనివ్వడం లేదు.

నీలో ఏమీ పాడవలేదు తల్లీ. తేడా ఎంతో చూడు. తొంభై సెకన్లు. నువ్వు ఒక్క చుట్టు తిరగడానికి పట్టే సమయం అది. ఆ రోజు నువ్వు పరుగెత్తింది ఇరవై నాలుగు చుట్లే. ఇరవై అయిదు కాదు.

ఎలా జరిగిందో చెబుతాను. ఇంకా ఎన్ని చుట్లు మిగిలాయో చూపించే రేకు పలకలు నీకు తెలుసు. చిన్నప్పుడు వాటితోనే అంకెలు నేర్చుకున్నావు. ఆ రోజు పత్రికలవాళ్ళు వస్తారు, అందంగా కనబడాలని ముందు రోజు అంకెలన్నిటికీ కొత్తగా రంగు వేశాను. సరిగ్గా ఆరకుండానే వరసలో పెట్టేశాను. తొమ్మిదో పలక తిప్పినప్పుడు దానికి అతుక్కుని ఎనిమిదో పలక కూడా వెళ్ళిపోయింది. ఏడు కనబడింది. మామూలుగా అయితే నాకు తెలిసిపోయేది. కానీ అదే క్షణంలో గ్యాలరీలో గడియారం వద్దన్న బ్యానర్ల దగ్గర తోపులాట మొదలై, ఒక సీసా వచ్చి ట్రాక్ అంచున పడింది. అందరి కళ్ళూ అటే. కాగితం మీద చుట్టుకొక టిక్కు పెట్టేవాళ్ళు తలెత్తి నా పలక చూసి ఏడు వేసుకున్నారు. ఇరవై రెండేళ్ళుగా నా పలక తప్పింది లేదు మరి.

అలా చివరి చుట్టుకు కొట్టాల్సిన గంట ఒక చుట్టు ముందే కొట్టాను. నీకంటే నలభై మీటర్లు ముందున్న గడియారం, నా ఎదురుగా వెళుతూ తల తిప్పి, నా కళ్ళలోకి చూసి రెండు వేళ్ళు చూపించింది. గంట ఎవరు కొట్టినా సరే, తన చుట్లు తను లెక్కపెట్టుకునే పిల్ల. నాకు ముందు అర్థం కాలేదు. పలకల వెనక చెయ్యి పెట్టి తడిమాను. రెండు రేకులు కలిసిపోయి ఒకటిగా చేతికి తగిలాయి.

ఇన్నాళ్ళూ దాచింది ఇదే. నాకు అప్పుడే తెలిసింది. నువ్వు నన్ను దాటి పది అడుగులు కూడా వెళ్ళలేదు. నా మెడలో విజిల్ ఉంది. చీఫ్ జడ్జి ఇరవై అడుగుల దూరంలో ఉన్నారు. ఒక్క కేక వేస్తే సరిపోయేది. కానీ గంట వినగానే నువ్వు దూకావు. తను మాత్రం ఎప్పటిలాగే అదే వేగంతో వెళుతోంది, ఇంకా రెండున్నాయని తనకి తెలుసు కాబట్టి. నువ్వు అందుకుంటున్నావు. చివరి వంపులో దాటావు. పలకలు అతుక్కోవడం పొరపాటే. ఆ తర్వాత నోరు మూసుకుని నిలబడడం పొరపాటు కాదు, మిడతా, నేను కావాలని చేసిన పని. నువ్వు గెలవాలని ఎన్నాళ్ళ నుంచో ఎదురుచూస్తున్నాను.

నువ్వు గీత దాటి కుప్పకూలావు. మిగిలిన పిల్లలూ గంటనే నమ్మి ఆగిపోయారు. నేను వచ్చి నిన్ను లేవదీసి ముద్దు పెట్టుకున్నాను, గుర్తుందా? గడియారం ఆగలేదు. ఓడిపోయి మతిపోయినట్టుందని గ్యాలరీ అంతా నవ్వుతుంటే ఇంకో చుట్టు ఒంటరిగా పరుగెత్తి వచ్చింది. నువ్వు కూడా నవ్వావు, పాపం తెలియక. పదివేల మీటర్లు పూర్తి చేసింది ఆ రోజు ఆ పిల్ల ఒక్కతే. ఇంకా ఒక చుట్టుందని జడ్జికి చెబితే, సాకులు వెతకొద్దన్నారు. అప్పీలు రాసిచ్చింది. మూడో రోజు తనే వెనక్కి తీసుకుంది. ఎందుకు తీసుకుందో నాకు మొన్నటిదాకా తెలియదు.

మొన్న నీ ఉత్తరం పట్టుకుని తన గదికి వెళ్ళాను. తలుపు తీసి, నా మొహం చూసి అడిగింది: "ఎనిమిదా, తొమ్మిదా పిన్నీ?"

ఏ పలక తప్పిందని అడుగుతోంది. ఎనిమిది అన్నాను. కమిటీకి నిజం చెప్పేస్తానని కూడా అన్నాను. మెచ్చుకుంటుందని కాదు గానీ, తేలికపడుతుందనుకున్నాను. తను నా చెయ్యి పట్టుకుంది.

"చెప్పకండి. గెలిస్తే నన్ను మగాడంటారు. ఓడితేనే ఆడపిల్లగా ఉండనిస్తున్నారు. ఓడిపోయే ఉంటాను పిన్నీ, పరుగెత్తనిస్తే చాలు."

నేను నీ ఖాళీ మంచం మీద కూలబడ్డాను. ఆలోచించి చూస్తే, నేను నోరు విప్పకపోతే అందరికీ బాగానే ఉంటుంది. నీకు క్యాంపులో చోటుంటుంది, తనకి ట్రాక్ ఉంటుంది, నాకు ఇరవై రెండేళ్ళ మంచిపేరు ఉంటుంది. చెడేది నీ కాలు ఒక్కటే. లేని తొంభై సెకన్ల కోసం దాన్ని విరగ్గొట్టుకుంటున్నావు.

నీ ఉత్తరం తన చేతిలో పెట్టాను. రెండుసార్లు చదివింది. పెదాలు కదుపుతూ ఏదో లెక్క వేసుకుంది. తర్వాత నవ్వింది. "ముప్పై ఎనిమిది పదా? ఆ పందేనికి ముందు దీని బెస్టు ముప్పై ఎనిమిది ముప్పై, ఇరవై సెకన్లు తగ్గించింది కదా. ఎక్కడ పాడైంది దీని మొహం?" అని, నవ్వుతూనే అరచేతులతో కళ్ళు మూసుకుంది. లేచి వస్తుంటే, "ముందు దానికి రాయండి" అంది. కమిటీ గురించి తనూ ఏమీ అనలేదు, నేనూ అడగలేదు.

అందుకని ముందు నీకు రాశాను. ఈ ఉత్తరం మీ కోచ్‌కి చూపించు. కాలు డాక్టరుకి చూపించేదాకా మైదానంలో అడుగు పెట్టకు. చోటు పోవచ్చు. నీ చోటు నా చేతులారా పోగొట్టాను, ఎలా క్షమించమని అడగాలో నాకు తెలియడం లేదు. నన్ను పనిలోంచి తీసినా తీస్తారు. గడియారం నలభై మీటర్లు ముందుంది చూశారా అని ఒక పక్షం ఎగురుతుంది, చేతిలో ఉన్న ఆధారం పోయిందని ఇంకో పక్షం నన్ను తిట్టుకుంటుంది. ఇంకో చుట్టు ఉండి ఉంటే ఎవరు గెలిచేవారని అడిగితే, ఎవరికీ తెలియదని చెబుతాను. ఆ పిల్ల ఉండాలో వద్దో వాళ్ళు తేల్చుకోవాల్సిందే, కానీ నా తప్పు పలకను చూసి తేల్చడానికి వీల్లేదు.

ఇక్కడిదాకా రాసేసరికి తలుపు దగ్గర గడియారం నిలబడి ఉంది. జుట్టు గట్టిగా కట్టుకుని, ఇస్త్రీ బట్టలు వేసుకుని వచ్చింది. నిన్ను కమిటీ పిలవలేదు కదా అని తనతో అన్నాను.

"రెండు వేళ్ళు చూపించింది నేను. ఆ మాట మీరు చెబితే ఎవరు నమ్ముతారు? నేనే చెప్పాలి."

చెబితే వచ్చే ఏడాది ట్రాక్ ఉండదేమో అన్నాను. తెలుసంది. నేను సున్నం బస్తా వెనక దాచిన పలకలు తనే తీసి, ఒళ్ళో పెట్టుకుని తుడుస్తోంది. రెండూ ఇంకా అతుక్కునే ఉన్నాయి. గోటితో విడదీయబోయి, చూపించాలి కదా అని మళ్ళీ వదిలేసింది. పోస్టు డబ్బా దాటి వెళ్ళాలి, తొందరగా ముగించమంటోంది. నీకు ఒక మాట రాయమంది: "దానికి ఇంకా ఒక చుట్టు మిగిలింది. కాలు బాగయ్యాక రమ్మనండి, పక్కన నేను పరుగెత్తుతాను."

నన్ను తిట్టాలనిపిస్తే పేజీలకు పేజీలు తిట్టు. ఉత్తరం మాత్రం మానకు.

ఇట్లు,
నీ చుట్లు తప్పు లెక్కపెట్టిన
మీ అమ్మ