చల్లని ఊరిలో వడదెబ్బ

మండల తహశీల్దారు గారి సముఖమునకు,

బోడిమిట్టపల్లె కాపురస్తుడు ఉరుకుందప్ప, వయసు 52, చదువు ఏడో తరగతి (తప్పినది), వ్రాసుకొను అర్జీ.

విషయం: మా గ్రామపు ఉష్ణోగ్రత పెట్టె పందొమ్మిది దినములు అబద్ధము చెప్పినది, చెప్పించినది నేను, అందువలన నా భార్య గిడ్డమ్మ మరణము వడదెబ్బ కింద నమోదు కాకపోవుట గురించి.

అయ్యా,

ముందుగా ఒక మనవి. నా పేరు చూడగానే తమ కార్యాలయంలో నవ్వుతారు. ఎండిపోయిన మా ఊరి బోరుకు వృద్ధాప్య పింఛను మంజూరు చేయవలెనని పోయిన ఏడాది అర్జీ పెట్టినది నేనే. మొన్న సోమవారం ఈ సంగతి నోటితో చెప్పుకుందామని వస్తే తమ గుమాస్తా గారు, "ఏమప్పా ఉరుకుందప్పా, ఈ తూరి ఏం తమాషా తెచ్చినావు?" అని కుర్చీ వేసి టీ తెప్పించారు. పెట్టెకు గోనెసంచి కట్టినానని చెప్పేసరికి కడుపు పట్టుకుని నవ్వారు. మిగతాది చెప్పలేదు. టీ తాగి ఇంటికి వచ్చేశాను. కనుక కాగితం మీద పెడుతున్నాను.

1. ఏప్రిల్ రెండో వారంలో మా ఊరు వరుసగా ఐదు దినములు జిల్లాలో అత్యధిక ఎండగా పేపర్లో పడినది. అదే వారంలో నా మేనల్లుడు రంగస్వామికి కోయిలకుంట్ల నుంచి ఒక సంబంధం వచ్చినది. వాడికి ముప్పై రెండేండ్లు. పిల్ల తండ్రి వచ్చి, నీళ్లు తాగి, చెంబు కింద పెట్టి ఇట్లన్నాడు: "మీ ఊరు దినామూ పేపర్లో పడతాండాది గదప్పా. నిప్పుల్లోకి పిల్లను ఎట్ల తోలేది?"

"కోయిలకుంట్లలో ఏమన్నా మంచు కురుస్తాందా?" అన్నాను.

"మాది పేపర్లో పడల్యా" అన్నాడాయన.

ఆయన మాటలో తప్పు లేదు. ఎండ కాదు, పేపరు అడ్డమైనది. మూడు దినాల్లో ఊరిని చల్లబరుస్తానని నేను రంగస్వామికి మాట ఇచ్చితిని.

2. సదరు పెట్టె పాత బడి వెనక కుంటగట్టు పక్కన స్తంభానికి ఉన్నది. తెల్ల పళ్లేలు బోర్లించి ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది. చుట్టూ కంచె ఉన్నది, గేటు లేదు. నేను దానికి తడి గోనెసంచి చుట్టి, పైన బొక్క పెట్టిన ప్లాస్టిక్ క్యాను కట్టినాను. నీళ్లు బొట్టుబొట్టుగా సంచి మీద పడుతుంటాయి. వేసవిలో కుండకు తడిగుడ్డ చుట్టని ఇల్లు మా పక్క లేదు, ఇందులో నా తెలివేమీ లేదు. మూడో దినానికి మా ఊరు ముప్పై ఏడుకు దిగినది. "జిల్లాలో చల్లని ఊరు" అని పేపర్లో వేశారు. సంబంధం కుదిరినది. పెట్టెను చూడటానికి ఎవరూ రాలేదు. పెట్టె చెప్పిన అంకెను మాత్రం దినామూ చూశారు.

3. నలభై మూడు దాటిన గ్రామాల జాబితా వేసి, ఆ ఊర్లలో ఉపాధి పని పదిన్నరకే ఆపవలెనని, నీడకు పట్టలు కట్టి మజ్జిగ ఇవ్వవలెనని ఉత్తర్వు వచ్చినది. జాబితాలో మా ఊరు లేదు. కుంటలో పూడిక తీసే మా ఆడవాళ్లకు పని ఒంటిగంట దాకా నడిచినది. కూలీల హాజరు వేసే మేటు శివజ్యోతి నన్ను నిలబెట్టి అడిగినది: "మామా, పక్కూర్లో పదిన్నరకే ఇడిసిపెడ్తాండారు. మనకెందుకు లేదు?"

"మనది చల్లని ఊరు గదమ్మీ" అన్నాను. అందరూ నవ్వారు.

ఆ దినమే సంచి విప్పేసి ఉండవలసినది. పెళ్లి మాటలు నడుస్తున్నాయని, ఇంకొక వారం అని ఊరుకుంటిని.

4. పొద్దున క్యాను నింపేది నేను. పదకొండుకు మళ్లీ నింపవలసి ఉంటుంది. ఆ పని నా భార్య గిడ్డమ్మ చేసేది. కుంటలో పని ఆపి, గట్టెక్కి వచ్చి పోసి పోయేది. మే ఆరో తేదీ కరెంటు లేక కొళాయి రాలేదు. ఆమె తన తాగే సీసాలోవి పోసినది. నేను బడి అరుగు మీద కూర్చుని ఉన్నాను.

"పోస్తివా?" అన్నాను.

"పోస్తిలే. నీ పెట్టె సల్లగుండాది. నా నెత్తే కాలుతాండాది."

"నీ నెత్తికి గూడా ఒక గోనెసంచి కట్టాల్నా?"

"కట్టు. నన్ను గూడా పేపర్లో ఏపిచ్చు" అని నవ్వి, గట్టు దిగిపోయినది.

జాబితాలో ఊరు ఉండి ఉంటే ఆ వేళకు ఆమె ఇంట్లో ఉండేది.

5. పన్నెండున్నరకు గంప పక్కన పెట్టి కూర్చున్నదట. శివజ్యోతి "అత్తా, లెయ్యి" అన్నదట. నేను వెళ్లేసరికి ఒంటి మీద చెమట చుక్క లేదు. చేయి పట్టుకుంటే పొయ్యి మీది పెనం పట్టుకున్నట్టు ఉన్నది. ఆటోలో ఎక్కించినాము. ఆసుపత్రి ఇంకా రెండు మైళ్లు ఉన్నదనగా పోయినది. ఆటో తిప్పుకొచ్చినాము.

6. ఆ సాయంత్రం మబ్బు కమ్మి, ఈదురుగాలి లేచినది. ఉరుములు గట్టిగా, చినుకులు కొద్దిగా. "మీ ప్రాంతంలో పిడుగులు పడే అవకాశం ఉన్నది, పొలాల్లో ఉన్నవారు సురక్షిత ప్రదేశాలకు వెళ్లండి" అని ఫోన్లకు సందేశం వచ్చినది. గిడ్డమ్మ ఫోనుకు కూడా వచ్చినది. ఆమెను అప్పటికి వసారాలో పడుకోబెట్టి ఉన్నాము. ఫోను ఎవరూ తీయలేదు. అదే మోగి మోగి ఆగినది. ఆ గాలికి సంచి, క్యాను ఎటో కొట్టుకుపోయినవి.

7. మూడో దినమున తమరు, డాక్టరు గారు, ఎస్సై గారు ముగ్గురూ విచారణకు దయచేసినారు. అప్పుడు సంచి సంగతి నేను చెప్పలేదు. రిపోర్టులో "సదరు దినమున గ్రామపు గరిష్ఠ ఉష్ణోగ్రత 36.9 మాత్రమే అయినందున వడదెబ్బకు ఆస్కారము లేదు, గుండెపోటు" అని రాసినారు. తమరి తప్పు లేదు. అంకె అదే.

8. అయితే తమరు ఒక్కటి చూడవలెను. ఆరో తేదీ 36.9. ఆ సాయంత్రం గాలీ వానా. ఏడో తేదీ 44.6. వాన పడిన మరునాడు ఎండ ఏడు డిగ్రీల పైన పెరిగిన ఊరు రాయలసీమలో ఇంకొకటి ఉంటే చూపించండి, నేను ఈ అర్జీ చించుకుంటాను. సాక్ష్యం చెప్పరా అని రంగస్వామిని అడిగితే, "పెండ్లి ఇరవై ఎనిమిదికి ఉండాది మామా, నీ కాళ్లు పట్టుకుంటా" అన్నాడు. వాడిని ఒత్తిడి చేయలేదు.

9. పెట్టె ఇప్పుడు నిజమే చెప్పుచున్నది. కాని జాబితా పోయిన ఇరవై దినాల సగటు చూసి వేస్తారట. కాబట్టి మా ఊరు ఇప్పటికీ చల్లని ఊరే. ఈ దినం కూడా నలభై ముగ్గురు ఆడవాళ్లు ఒంటిగంట దాకా కుంటలోనే ఉన్నారు. పోవద్దని నేను గట్టు మీద నిలబడి చెప్పినాను. పెండ్లాం పోయి మతి చలించినాదని ఒకామె, కాదు ఇది కూడా తమాషానే అని ఒకామె అన్నది.

కాబట్టి తమరు దయతో ఆ పందొమ్మిది దినాల అంకెలు కొట్టివేసి, రేపటి నుంచే మా ఊర్లో పని పదిన్నరకు ఆపించవలెను. గిడ్డమ్మ ఎండకు పోయినదని రాయవలెను. పరిహారం అక్కరలేదు. అది ఎండ అని రాస్తే చాలు. ప్రభుత్వ పెట్టెను చెడగొట్టినందుకు నా మీద కేసు పెట్టవలెను. పెడితే అయినా ఊరు నమ్ముతుంది.

ఈ ఒక్క కాగితాన్ని నవ్వకుండా చిత్తగించవలెను.

ఇంతకు మునుపు ఎవరికీ విధేయుడు కాని,
తమ విధేయుడు,
ఉరుకుందప్ప (వ్రాలు)

తా.క.: సారూ, నాలుగో నంబరులో నీళ్లు పోసింది గిడ్డమ్మ అని రాసినాను. కేసులో ఆమె పేరు కూడా ఎక్కుతుందేమోనని ఇప్పుడు తోచింది. అంతా మళ్లీ రాయడానికి చెయ్యి రావడం లేదు. మీ కలంతోనే ఆ నాలుగు వరసలు కొట్టేయండి. పొద్దునా నేనే పోసినాను, పదకొండుకూ నేనే పోసినాను. ఆమె పని చేసుకుంటా ఉండింది, అంతే.