మెట్లా, మైదానమా

మునస్వామీ,

నువ్వు పోయి ఏడాది దాటింది. ఈ రోజు తిరుపతి మైదానంలో మీ అమ్మాయి సుబ్బులు నూరు మీటర్ల పరుగు గెలిచి జిల్లా జట్టుకు ఎంపికైంది.

డ్రిల్లు మాస్టర్లుగా మనిద్దరం ఉద్యోగకాలమంతా కొట్లాడుకున్నది పరుగులో వేగం ఎలా వస్తుందనే దాని గురించే. ఇసుక మూట భుజాన పెట్టి పిల్లలను అలిపిరి మెట్లెక్కిస్తే వేగం దానంతటదే వస్తుందని నీ మొండితనం. మెట్లతో వచ్చేది బలమే, వేగం కావాలంటే కొద్ది దూరాలు పూర్తి జోరుతో పరిగెత్తి మధ్యలో బాగా విశ్రాంతి తీసుకోవాలని నేను పుస్తకాలు తెచ్చి చూపించాను. నలుగురిలో నవ్వావు.

"కూసోబెట్టి పరుగు నేర్పించే మొనగాణ్ణి నిన్నే సూసినాను అబ్బా" అన్నావు.

నువ్వు పోయాక సుబ్బులు నా దగ్గరికి వచ్చింది. మెట్లు మాన్పించాను. కాళ్లు చురుకయ్యాయి కానీ, పరుగు మొదలుపెట్టేటప్పుడు నేలను తన్నే బలం తగ్గింది. అందుకని వారానికోసారి మళ్లీ మెట్లెక్కించాను. నీ ఇసుక మూట మాత్రం ముట్టనివ్వలేదు. కొండ దిగేటప్పుడు బస్సులో రమ్మన్నాను. నీ మోకాళ్లు అరిగిపోయింది ఆ మెట్లు పరిగెత్తుతూ దిగడం వల్లే.

ఈ రోజు ఎంపిక చేసిన పెద్దమనిషి "ఎవరమ్మా నీకు నేర్పించింది?" అని అడిగాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

"మా నాయన సార్" అంది.

ఒళ్లు మండింది. ఆ గెలుపులో నీ వంతు ఎంతో నీ ముఖం మీదే చెప్పాలని మాటలు కూర్చుకుంటూ గబగబా నడిచాను. మీ వీధి మలుపు తిరిగాక గానీ నువ్వు లేవని గుర్తుకు రాలేదు.