సోమవారం పది గంటల సైరన్

జూలై 1, సోమవారం

పదింటికి సైరన్ మోగించాను. ఒక్క నిమిషం. టెస్టింగ్.

మా ఆయన పోయాక ఆయన ఉద్యోగం నాకిచ్చారు. పద్దెనిమిదేళ్ళయింది. ఎగువన ఉన్న డ్యామ్ కేంద్ర ప్రభుత్వం వాళ్ళ బోర్డుది. గుట్ట మీద ఈ సైరన్ గది రాష్ట్రానిది. గేట్లు ఎత్తితే బోర్డు మా ఆఫీసుకి చెబుతుంది, ఆఫీసు నాకు చెబుతుంది, నేను బటన్ నొక్కుతాను. వేలు తీస్తే ఆగిపోతుంది. ఇన్నేళ్ళలో నిజంగా నీళ్ళొచ్చి నొక్కింది రెండుసార్లే. మిగతావన్నీ సోమవారాలు.

ఊరంతా దాన్ని చూసే గడియారాలు సరిచేసుకుంటుంది. దిగువ వీధి సెలూన్ అతనైతే మోగగానే బయట గోడ గడియారం కింద స్టూలెక్కి ముల్లు తిప్పుతాడు.

చెల్లెలి ఇంటికి వెళ్ళాను. దిగువ వీధిలో, ఏటి పక్కన ఆఖరి ఇల్లు. మరిది టైలరు. తుంటికి ఆపరేషన్ అయింది, ఆరు వారాలు మంచం దిగకూడదట. చెల్లెలిది పెద్ద గొంతు. నువ్వు మాట్లాడితే పక్కనున్న నాకే వినపడి చావదు, దేవుడికి ఎలా వినపడుతుందే అక్కా అంది. ఆఫీసులో కూడా నన్ను గుసగుసమ్మ అంటారు. 

జూలై 4, గురువారం

ఇంజనీరు సారు పిలిచి చెప్పారు. డ్యామ్ మాది కాబట్టి హెచ్చరిక కూడా మాదే అని కేంద్రం కోర్టుకి వెళ్ళిందట. జనం ప్రాణాలు కాపాడడం మా పని, అందులో మీ వేలు పెట్టొద్దు అని రాష్ట్రం అందట. రాజ్యాంగంలో ఎవరి పనులు వాళ్ళకి రాసి ఉన్నాయట, ఈ సైరన్ ఎవరి జాబితాలోదో తేలాలట. తీర్పు వచ్చేదాకా ఇద్దరూ కలిసి సంతకం పెట్టిన కాగితం లేకుండా సైరన్ మోగకూడదని కోర్టు ఆర్డర్.

మరి సోమవారం సంగతేమిటి సార్ అని అడిగాను. ఆయనకి వినపడలేదు. మళ్ళీ అడిగాను. సోమవారానికీ సంతకాలు కావాలమ్మా అన్నారు.

నీళ్ళు సంతకాల కోసం ఆగుతాయా అని అడగాలనుకున్నాను. అడగలేదు.

జూలై 8, సోమవారం

పదయింది. గది ఊడ్చాను. బటన్ తుడిచాను.

జూలై 11, గురువారం

సెలూన్ అతను గుట్టెక్కి వచ్చాడు. అమ్మా, మీ గొంతు పోయిందా, మా గడియారం ముందుందో వెనకుందో తెలియక బుర్ర పాడవుతోంది అన్నాడు. ఆర్డర్ సంగతి చెప్పాను. ఇద్దరు కోడళ్ళూ పోట్లాడుకుని పొయ్యి వెలిగించకపోతే పస్తులుండేది మామగారేగా అని నవ్వుకుంటూ దిగిపోయాడు. నాకు నవ్వు రాలేదు.

ఆఫీసులో కాగితం తయారయింది, సంతకాలు కాలేదు. ఎవరి సంతకం పైన ఉండాలో తేలడం లేదట. పక్కపక్కన పెట్టొచ్చుగా అంటే, ఎడమవైపు ఎవరు అంటున్నారట. గుమాస్తా చెప్పి తలకొట్టుకున్నాడు.

జూలై 15, సోమవారం

ఇవాళా లేదు.

వేలు ఊరికే ఉండడం లేదు. పదింటికి దానంతటదే మడతపడుతోంది.

జూలై 20, శనివారం

నాలుగు రోజులుగా ఎగువన వాన. ఏరు ఎర్రగా ఉంది. చెల్లెల్ని కొన్నాళ్ళు గుట్ట మీదికి వచ్చేయమన్నాను. ఈయన్ని మూటగట్టి తెమ్మంటావా, డాక్టరు కదిలించొద్దన్నాడు, అయినా సైరన్ నీ చేతిలో ఉండగా నాకేం భయం అంది. నా చేతిలో లేదే అన్నాను. ఆమె అప్పటికే కొళాయి దగ్గరికి వెళ్ళిపోయింది. వినపడలేదు.

మళ్ళీ చెప్పి ఉండాల్సింది. రెండోసారి చెప్పడం నాకెందుకు ఇంత కష్టం?

దేవుడి ముందు చాలాసేపు కూర్చున్నాను. ఏం అడగాలో తెలియలేదు. సంతకాలు అడిగాను.

జూలై 22, సోమవారం. ఉదయం 9.05

డ్యామ్ మీద గేట్ల ఆపరేటర్ సెల్లుకి ఫోన్ చేశాడు. మా ఆయనకి స్నేహితుడు, నన్ను వదినా అంటాడు. నేను చెప్పానని చెప్పకు వదినా, ఉద్యోగం ఊడుతుంది, నాలుగు గేట్లు ఎత్తేశారు, గంటన్నరలో మీ దగ్గరికి వస్తుంది, మీ హెడ్డాఫీసుకి మెసేజ్ వెళ్ళింది అన్నాడు.

9.20

ఇంజనీరు సారుకి చేశాను. మెసేజ్ వచ్చిందట. బోర్డు ఆఫీసర్ సంతకం కోసం మనిషిని పంపారట. ఆయన సెలవులో ఉన్నాడట, ఇంకొకరికి అధికారం ఉందో లేదో కనుక్కుంటున్నారట. తొందరపడకమ్మా, ఇది కోర్టు ధిక్కారం అవుతుంది అన్నారు.

చేతికి ఏదో పని కావాలని ఇది రాస్తున్నాను. చెల్లెలి ఫోను ఎత్తడం లేదు. కిటికీలోంచి వాళ్ళ గుమ్మం కనిపిస్తోంది. బట్టలు ఆరేస్తోంది.

9.38

ఫోన్ రాలేదు. పరిగెత్తి కిందికి వెళ్తే ఒక్క ఇంటికి చెప్పగలను. నా గొంతుకి అంతే. ఇక్కడ ఉంటే వీధి మొత్తానికి.

చెల్లెలా, క్షమించు.

అదే రోజు, సాయంత్రం

9.40కి నొక్కాను.

దిగువ వీధి జనం బయటికి వచ్చారు. నవ్వుకుంటున్నారు. సెలూన్ అతను స్టూలెక్కాడు. ముల్లు ముందుకి తిప్పి, గుట్ట వైపు చెయ్యూపాడు. చెల్లెలు తడిబట్ట భుజాన వేసుకుని నాకు రెండు చేతులూ ఊపి లోపలికి వెళ్ళిపోయింది. రెండు సోమవారాలు మూగబోయిన సైరన్ మళ్ళీ మొదలైందని అందరికీ సంతోషం. వాళ్ళకది గడియారం. అలా అలవాటు చేసింది నేనే.

నిమిషం కాగానే నా వేలు దానంతటదే లేచింది. పద్దెనిమిదేళ్ళ వేలు. సైరన్ ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం నేను చచ్చేదాకా మర్చిపోలేను.

మళ్ళీ నొక్కాను. ఈసారి ఎడమచేత్తో కుడిచేతిని అదిమిపట్టాను. రెండు నిమిషాలు. మూడు. సెలూన్ అతను స్టూలు దిగలేదు, అలాగే నిలబడి వింటున్నాడు. నాలుగో నిమిషంలో దూకాడు. వీధంతా ఉరుకులు పరుగులు. పిల్లలు, ముసలివాళ్ళు, సైకిళ్ళు, ఒక టీవీ. చెల్లెలు గుమ్మంలోకి వచ్చింది, లోపలికి వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. నోరు తెరిచి అరుస్తోంది. ఆమె గొంతు మొదటిసారి నాకు వినపడలేదు. నా సైరన్‌లో మునిగిపోయింది.

వేలు తీయలేదు. తీసి వెళ్ళి ఉంటే? వీధి చివర ఇంకా తలుపులు మూసున్న ఇళ్ళు ఉన్నాయి. వెళ్ళలేదు. సొంత చెల్లెలు అరుస్తుంటే చూస్తూ నిలబడ్డాను. పక్కన ఫోన్ మోగుతోంది, ఎత్తలేదు.

సెలూన్ అతనూ ఇంకో ముగ్గురూ మరిదిని కుట్టుబల్ల మీద పడుకోబెట్టి మోసుకొచ్చారు. మలుపు తిరిగాక ఇక కనపడలేదు. ఇరవై రెండు నిమిషాలకి మోటారు కాలిన వాసన వచ్చి దానంతటదే ఆగిపోయింది.

10.50కి నీళ్ళొచ్చాయి. దిగువ వీధిలో కిటికీల దాకా. మనుషులందరూ ఉన్నారు. మూడుసార్లు లెక్కపెట్టించాను.

మరిది నా మంచం మీద పడుకుని ఉన్నాడు. గుడ్డలు పోతే పోయాయి, కత్తెర పోయింది వదినా, చేతికి అలవాటైన కత్తెర అంటున్నాడు. చెల్లెలు నాతో మాట్లాడడం లేదు. కాసేపటికి వచ్చి నా కుడిచేతికి కొబ్బరినూనె రాసింది. వేలు వాచింది.

జూలై 25, గురువారం

పేపర్లో రాష్ట్రం మంత్రి మా సైరనే కాపాడింది అన్నాడు. కేంద్రం మంత్రి మా డ్యామ్ మెసేజే కాపాడింది అన్నాడు. పేపర్లో మోగించింది ఇద్దరూ. మెమోలు మాత్రం నా ఒక్కదానికే, రెండు. ఎవరి అధికారంతో నొక్కావు, సమాచారం ఎవరిచ్చారు, ఏడు రోజుల్లో జవాబివ్వాలి. రెండింటిలోనూ అవే మాటలు. ఎడమవైపు ఎవరి సంతకమో ఒప్పుకోని వాళ్ళు ఇక్కడ ఎలా ఒప్పుకున్నారో.

మొదటి ప్రశ్నకి నేనే నొక్కాను అని రాశాను. రెండోది ఖాళీగా వదిలేశాను. అబద్ధం రాయలేదు. ఆపరేటర్ పేరు దేవుడికి చెప్పుకున్నాను, ఆయన మెమో ఇవ్వడు.

సైరన్ గదికి రెండు తాళాలు వేశారు. ఒకటి బోర్డుది, ఒకటి ఆఫీసుది. మోటారు ఎవరు బాగుచేయించాలో కోర్టు చెప్పాలట. ఎగువన ఇంకా వాన.

జూలై 29, సోమవారం

పదింటికి గుట్ట అంచున నిలబడి అరిచాను. ఒక్క నిమిషం. ఊపిరి చాలక మధ్యలో మూడుసార్లు ఆగాను.

దిగువ వీధిలో చెల్లెలు బురద ఎత్తిపోస్తోంది. పార వదిలేసి, పళ్ళెం తీసుకుని గరిటెతో కొట్టింది.

వినపడిందన్నమాట.