ఎడమ స్పీకర్

జూన్ 1, ఆదివారం

వెనక గది ఖాళీ చేశాను. పది అడుగులు, పన్నెండు అడుగులు. కరుణ పిల్లలకు ట్యూషన్ చెప్పిన గది. చాపలు చుట్టి అటక మీద పెట్టాను. గోడకున్న నల్లబోర్డు మాత్రం ఇంకా ముట్టుకోలేదు.

ఆమె తెక్కలకోట బడికి వెళ్ళి ఎనిమిది నెలలు. మొదట్లో ప్రతి శనివారం వచ్చేది. తర్వాత నెలకోసారి. ఈస్టర్ నుంచి అదీ లేదు. బదిలీ వచ్చిందనే అనుకున్నాను. తనే అడిగి వేయించుకుందని వాళ్ళ హెడ్‌మాస్టర్ నోట విన్నాను. పదకొండేళ్ళ కాపురం, మేనమామ కూతురు, నాతో ఒక్క మాట అనలేదు.

చర్చికి పోలేదు. పోతే అందరిదీ ఒకటే ప్రశ్న— "టీచరమ్మ యాడప్పా?"

ఈ గదిలో సినిమా హాలు కడతాను. నా చేతులతోనే.

జూన్ 3

కిటికీ మూసేశాను. ప్లైవుడ్, దాని వెనక దూది బొంత, మళ్ళీ ప్లైవుడ్. సందుల్లో రబ్బరు పట్టీ. ఖనిజం లారీల చప్పుడు లోపలికి రాకూడదు. ఎర్ర ధూళి కూడా. యశ్వంతనగర్‌లో అది పట్టని వస్తువు ఏదైనా ఉందంటే ఫ్రిజ్ లోపల ఉండాలి. అక్కడా ఉంటుంది, చూస్తే.

ఎనిమిది గంటలు క్రషర్ దగ్గర రాళ్ళు నలిగే మోత. ఇంటికొస్తే ఏ గొంతూ లేదు. టీవీ పెడితే ఇంకా ఖాళీగా అనిపిస్తుంది… పెద్ద శబ్దం కావాలి. చుట్టూ మనుషులు మాట్లాడుతున్నట్టుండే శబ్దం.

జూన్ 5

కరుణకు ఫోన్ చేశాను. తెర రావలసిన గోడ అదే— బోర్డు తీసేయనా అని.

"నీ ఇల్లు, నీ గోడ. నన్నెందుకు అడుగుతాండావు బావా?"

"దాని మీద రాసింది ఉండాది. పిల్లోల్లకి నువ్వు రాసింది."

ఏదో అంది. సరిగా తెలియలేదు. "ఊఁ" అన్నాను.

పెట్టేసింది.

జూన్ 6

బోర్డు తీశాను. తుడవలేదు. మంచం వెనక గోడకు ఆనించాను.

జూన్ 8, ఆదివారం

గోడకు పుట్టీ. గరుకు కాగితంతో రుద్ది రుద్ది భుజం పోయింది. తెర మేరకు తెలుపు, మిగతా మూడు గోడలూ బూడిద రంగు. వెలుతురు తిరిగి తెర మీద పడకూడదట. పై కప్పు నలుపు.

సాయంత్రం సండూరు వెళ్ళాను. హుస్సేన్ పాత సౌండ్ సామాను అమ్ముతాడు. పెళ్ళిళ్ళకు, జాతరలకు మైకులు కట్టిన చెయ్యి. ఐదు స్పీకర్లు, మోతకు ఒక పెద్ద డబ్బా, ఆంప్లిఫయర్, ఒకరు వాడి అమ్మిన ప్రొజెక్టర్ తీసుకున్నాను.

"ఎంతమంది కూర్చుంటారప్పా? దాన్నిబట్టి కదా స్పీకర్లు పెట్టాల."

"ఒక్కన్నే."

చేతిలో వైరు చుట్టడం ఆపాడు. మళ్ళీ మొదలుపెట్టాడు.

"ఒక్కనికి ఐదు స్పీకర్లు! నవాబ్ అయిపోతివి దాస్ భాయ్."

జూన్ 11

వైర్లు లాగాను. రోజంతా నేల మీద పాకుడే. స్పీకర్లు చెవి ఎత్తున ఉండాలన్నాడు హుస్సేన్. కుర్చీలో నేను కూర్చుంటే గోడ మీద గీత గీయడానికి మనిషి లేడు. నేను గీత గీస్తే కూర్చోవడానికి లేడు. చివరికి చీపురు కర్రను కుర్చీకి కట్టి, నా చెవి ఎత్తుకు దానికి దారం చుట్టాను. దాన్ని చూస్తూ గీసుకున్నాను.

కుర్చీలు రెండు పెట్టాను. ఎందుకో అడిగేవాళ్ళు లేరు కదా.

జూన్ 14

శబ్దం వచ్చింది!

వాన తుంపర లాంటి చప్పుడు ఒక్కో స్పీకర్ నుంచి వరసగా వస్తుంది. పరీక్ష కోసం. నడిమిది బాగుంది. కుడిది చాలా బాగుంది, ఒక్కో చినుకు లెక్కపెట్టొచ్చు. వెనకవి పర్వాలేదు. ఎడమది మాత్రం గోనెసంచి కప్పినట్టుంది.

వైరు లూజేమో.

జూన్ 15, ఆదివారం

లూజు కాదు. రెండుసార్లు విప్పి బిగించాను. కొత్త వైరు వేశాను. అదే గోనెసంచి.

జూన్ 17

హుస్సేన్ వచ్చాడు. కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుని విన్నాడు.

"రెండూ బరాబర్ ఉండాయప్పా."

"ఎడమది సచ్చిపోయింది. నీకు ఇనపడలేదా?"

"అరె, ముప్పై ఏండ్లుగా ఇదే పని నాది. బరాబర్ ఉండాదంటే ఉండాదే."

పాడైంది అంటగట్టి మాట్లాడుతున్నావని అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. టీ పెట్టాను, తాగలేదు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఈ ఇంట్లోకి వచ్చిన ఒక్క మనిషినీ పంపేశాను.

జూన్ 18

ఎడమ స్పీకర్ విప్పి కుడి పక్క, కుడిది ఎడమ పక్క బిగించాను. పాడైంది స్పీకరే అయితే గోనెసంచి కుడికి రావాలి.

రాలేదు. ఎడమనే ఉంది.

జూన్ 19

ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ ఒకటి ఉంది. కుర్చీలో పెట్టి దూరంగా నిలబడ్డాను. ఎడమది, కుడిది. రెండింటికీ ఒకటే అంకె. మూడుసార్లు కొలిచాను.

అప్పుడు కుర్చీ వెనక్కి తిప్పాను. తెరకు వీపు పెట్టి కూర్చున్నాను. ఇప్పుడు కుడి స్పీకర్ నా ఎడమ పక్కకు వచ్చింది.

గోనెసంచి దానికి పట్టింది.

ఎడమ చెవి చేత్తో మూశాను, తెరిచాను. తుంపర పడుతూనే ఉంది.

జూన్ 20

క్యాబిన్‌లో నా సీటుకు ఎడమ పక్కనే రాళ్ళు నమిలే క్రషర్ దవడ. పద్నాలుగేళ్ళు. చెవుల్లో పెట్టుకునే రబ్బరు బిరడాలు ఇస్తారు. మెడలో దండలా వేసుకుంటాం. అవి పెట్టుకుంటే రాయి ఇరుక్కున్న చప్పుడు తెలియదని.

ఈ రోజు పెట్టుకున్నాను. తిమ్మప్ప చూసి నవ్వాడు. నాతో పాటు చేరిన ఆపరేటర్. "ఏందప్పా, కొత్త పెండ్లికొడుకు మాదిరి?"

జూన్ 24

బళ్ళారి ఆసుపత్రి. గాజు తలుపు గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించారు. చప్పుడు వినపడినప్పుడల్లా బటన్ నొక్కాలి. తర్వాత డాక్టరమ్మ కాగితం మీద గీత చూపించింది. కుడి చెవి గీత కాస్త వంగింది. ఎడమది లోయలోకి జారిపోయింది.

"శబ్దం వినిపిస్తుంది మీకు. మాట విడిపడదు. స, చ, త… ఇవన్నీ జారిపోతాయి. ఆడవాళ్ళ గొంతు, పిల్లల గొంతు ముందు పోతాయి."

"ఎన్నేండ్ల నుంచి మేడం?"

"మీ ఇంట్లోవాళ్ళని అడగండి. వాళ్ళకే ముందు తెలుస్తుంది."

పోయింది తిరిగి రాదట. చెవికి మిషన్ పెట్టుకుంటే కొంత మేలు. మోతలో పని మానకపోతే కుడిది కూడా…

జూన్ 25

అన్నం దగ్గర కరుణ ఎప్పుడూ నా ఎడమ పక్కనే. పొయ్యి అటువైపు కాబట్టి. ఏదో చెప్పేది. గొంతు తెలిసేది, మాట తెలిసేది కాదు. అలసటని అనుకున్నాను. ఊఁ అనేవాణ్ణి. ఒక్కోసారి చెంచా కింద పెట్టి, "నేనేం చెప్తినో చెప్పు" అనేది. చెప్పలేకపోయేవాణ్ణి. పరీక్ష పెడుతోందని కోపం వచ్చేది నాకే.

తర్వాత తర్వాత మాటలు తగ్గించేసింది. తగ్గించిందా? నాకే తగ్గాయా?

జూన్ 29, ఆదివారం

తెక్కలకోట వెళ్ళాను. చెప్పకుండానే. బళ్ళారి నుంచి బస్సులో కిటికీ పక్కన, ఎడమ చెవి కిటికీకి పెట్టి కూర్చున్నాను, ఎవరైనా పలకరిస్తే కుడి చెవి ఖాళీగా ఉంటుందని. ఎవరూ పలకరించలేదు.

ఒక రైతు ఇంటి వెనక గది అద్దెకు తీసుకుంది. తలుపు తీసి నిలబడిపోయింది. జుట్టు చిన్నగా కత్తిరించుకుంది. నాకు తెలియదు.

"ఫోన్ చేసి రాకూడదా? అమ్మని చూసేకి కెంచనగుడ్డకి బయల్దేరినాను."

కాగితం ఇచ్చాను. పిల్లల పేపర్లు దిద్దినట్టు నిలబడే చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. కూర్చుంది.

"ఎప్పట్నుంచి?"

"ఇంట్లోవాళ్ళని అడగమనింది డాక్టరమ్మ."

అడగాలనుకోలేదు కానీ నోట్లోంచి వచ్చేసింది— "బదిలీ అడిగి వేసుకునేటప్పుడు నాకొక మాట చెప్పలేదు నువ్వు."

నా వైపే చూసింది. కళ్ళలో నీళ్ళు కాదు, ఇంకేదో.

"అడిగినాను కదా బావా. అన్నం కాడ. తెక్కలకోటకి వేసుకునేదా, అమ్మకి దగ్గర అయితాది అని. నువ్వు వద్దంటే మానుకుంటా అని గూడా అంటిని. నువ్వు ఊఁ అంటివి. అన్నం కలుపుకుంటా ఊఁ అంటివి."

"నాకు ఇనపడలేదు కరుణా."

"మూడు దినాలు ట్యూషన్ గదిలో ఏడ్చినాను. పక్క గదిలోనే ఉంటివి కదా నువ్వు."

ఆ గది. దానికే నేను బొంతలు కొట్టింది, లోపలి చప్పుడు బయటకు, బయటి చప్పుడు లోపలికి పోకుండా.

క్షమించమన్నాను. తల ఊపింది, ఔననో కాదనో.

"కాగితం నమ్ముతాను. కానీ తొమ్మిది నెల్లు పడిన కోపమంతా ఇప్పుడు యాడ పెట్టుకోవాల, చెప్పు?"

కాగితం మడిచి నా చేతికి తిరిగి ఇచ్చింది.

అన్నం పెట్టింది. తన కంచం తీసుకుని కుడి పక్కకు వచ్చి కూర్చుంది. ఒక్కో మాటా విడదీసి గట్టిగా చెప్పింది, ఒకటో తరగతి పిల్లలకు చెప్పినట్టు. సిగ్గేసింది. అయినా ఆమె ఆపకూడదనిపించింది.

బస్టాండు దాకా వచ్చింది. "ఇనపడకపోతే మళ్ళా అడుగు. ఊఁ అనొద్దు. అంతే" అంది. నా బస్సు కదలకముందే కెంచనగుడ్డ బస్సు వస్తే ఎక్కేసింది.

జూలై 2

క్రషర్ దగ్గర నోటీసు పెట్టారు. పదో తారీఖు అందరికీ వైద్య పరీక్ష. ఈసారి చెవులకు కూడా. తప్పినవాళ్ళను మోత లేని పనికి మారుస్తారు. అంటే గేటు దగ్గర కుర్చీ, లారీల నంబర్లు రాయడం.

దవడలో రాయి అడ్డం పడితే నాకు పాదాల్లోనే తెలుస్తుంది. ఈ పద్నాలుగేళ్ళలో నేను నేర్చుకున్నది అదొక్కటే.

తిమ్మప్ప ఉపాయం చెప్పాడు. "గది అద్దంలోంచి పరీక్ష చేసే పిల్ల చెయ్యి కనపడతాదంటప్పా. చెయ్యి కదిలినప్పుడల్లా సుమ్నె, ఊరికే నొక్కు. పక్క క్రషర్ కాడ అందరూ అదే చేసినారంట."

జూలై 5

కరుణ ఫోన్ చేసింది. తనే చేసింది. కుడి చెవికి పెట్టుకున్నాను.

"ఆ కాగితం ఆఫీసులో ఇచ్చినావా?"

"లేదు."

"నాకు చూపించినది వాళ్ళకి దాచిపెడతావా?"

"నేను ఆపరేటర్ కరుణా. గేటు కాడ కూర్చుంటే ఏముంటాది నాకి?"

"మిగిలిన చెవి ఉంటాది."

జూలై 7

హుస్సేన్ అంగడికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆ రోజు అన్న మాటలకు తప్పయిందన్నాను. అంగడి షట్టర్ దించాడు. ఇంటికి నాతోపాటే వచ్చాడు. ఆంప్లిఫయర్‌లో ఎడమది పెంచి, సన్నటి శబ్దాలు పైకి లేపాడు. మొట్టమొదటిసారి ఎడమ పక్క చినుకులు కాస్త విడిపడ్డాయి.

"ఇట్ల పెడితే నీకు బాగుంటాది. పక్కన ఇంకొకరు కూర్చుంటే వాళ్ళకి చెవి గీసినట్టుంటాది. ఇద్దరికీ సరిపోయేటట్ల కుదరదప్పా. ఎట్ల ఉంచేది?"

ఆలోచించాను.

"మొదట ఎట్లుండేనో అట్లే ఉంచు."

ఈసారి టీ తాగాడు.

జూలై 10, గురువారం

పరీక్ష అయింది.

అద్దంలోంచి ఆ అమ్మాయి చెయ్యి కనపడుతూనే ఉంది. తిమ్మప్ప చెప్పింది నిజం. కళ్ళు మూసుకున్నాను. కుడి చెవికి నొక్కాను. ఎడమ చెవికి వచ్చేసరికి నిశ్శబ్దం. ఇప్పుడు వచ్చిందా, ఇంకా రాలేదా, అయిపోయిందా… ఏదీ తెలియదు. బటన్ చెమటకు జారిపోతోంది.

తలుపు తీసి లోపలికి వచ్చింది. "బటన్ పని చేస్తాందా అన్నా?"

"చేస్తాందమ్మా."

మళ్ళీ తలుపు వేసింది. మళ్ళీ కళ్ళు మూసుకున్నాను. వినపడినంతే నొక్కాను.

బళ్ళారి కాగితం కూడా ఇచ్చేశాను. సోమవారం చెబుతారట. బయటికొస్తే తిమ్మప్ప అడిగాడు, అయిందా అని. అయిందన్నాను.

జూలై 11, శుక్రవారం

రెండో షిఫ్టు. ఇంట్లో అన్నం వండుకుని, బయట పంపు దగ్గర గిన్నె కడుగుతుండగా కరుణ ఫోన్. కాగితం ఇచ్చేశానని చెప్పాను. "మంచి పని చేసినావు బావా."

రేపు శనివారం, ఒంటిపూట బడి. గది అయిపోయింది, వచ్చి చూడమన్నాను. ఏ సినిమా కావాలంటే అది పెడతానన్నాను. అప్పుడే వరసగా మూడు లారీలు. ఆమె ఏదో అంది. చిన్న మాట.

ఊఁ అనలేదు. "ఏమంటివి?" అన్నాను. లైన్ పోయింది. తిరిగి చేస్తే ఎత్తలేదు, బెల్లు కొట్టి ఉంటారు, క్లాసులో ఉంటుంది.

'వస్తా' అంది. లేకపోతే 'చూస్తా' అంది. చివర ఉన్న 'స్తా' మాత్రమే నాకు అందింది, అదీ పెదవులు చూడకుండా. మొదటి అక్షరం లారీల కింద పడిపోయింది.

లోపలికి వెళ్ళి ప్రొజెక్టర్ అద్దం తుడిచాను. కుర్చీలు రెండూ తుడిచాను.

బడి వదిలేది నాలుగున్నరకు. అప్పటికి నేను క్యాబిన్‌లో ఉంటాను. అయినా సరే, ఐదు నిమిషాలు నా చోట ఎవరినైనా నిలబెట్టి, కిందికి దిగి ఫోన్ చేసి మళ్ళీ అడుగుతాను.