అతుకు దగ్గర గీసిన గీత

నవంబర్ 8, శనివారం

సంత. పొద్దున మంచు, పది దాటాక జనం. కొట్టు ముందు కాలు పెట్టడానికి చోటు లేదు.

బుద్రయ్య తాత వచ్చాడు. మెడలో ఎప్పటిలాగే ఆ పతకం. కొండల మీద కాఫీ వేసి పాతికేళ్లయిందని ఎప్పుడో సభ పెట్టి, మొదట మొక్క నాటినవాళ్లకి ఇచ్చినది. చొక్కాకి గుండీలు లేకపోయినా మెడలో అది ఉండాల్సిందే. ఈసారి తీసి నా చేతిలో పెట్టాడు. వాళ్ల ఊరి అమ్మవారికి వెండి కళ్లు చేయిస్తున్నారట. ఈ పతకం కరిగించి ఇస్తానని పెద్దల ముందు మాటిచ్చాడట.

"వెండో కాదో సూసి సెప్పు సావుకారూ. తల్లికి ఏరేది ఇత్తే ఊరికి కీడు."

గీటురాయి మీద గీశాను. పసుపు గీత. యాసిడ్ చుక్క వేస్తే ఆకుపచ్చగా పొంగి మాయమైంది. ఇంకేం చూడాలి…

"ఇత్తడి తాతా. పైన పూత, అంతే."

గట్టిగానే అన్నాను. జనం ఉన్నారు కదా, నా పనితనం వినాలి కదా. ఎవడో వెనక నుంచి, "ఇన్నాళ్లూ ఇత్తడి ఏలాడేసుకుని తిరిగినావేటి తాతా" అన్నాడు. నవ్వారు. నేనూ నవ్వాను.

తాత పతకం మళ్లీ మెడలో వేసుకోలేదు. గుప్పిట్లో పెట్టుకుని వెళ్లిపోయాడు.

నవంబర్ 10

పని. మధ్యలో తాత ముఖం ఒకసారి గుర్తొచ్చింది. ఉన్నమాట చెప్పడం తప్పా?

నవంబర్ 15, శనివారం

తాత రాలేదు. కోడలు సుక్రి వచ్చింది, తెగిన పట్టీ అతికించమని.

మీ మావ రాలేదేం అని అడిగాను.

"ఏ మొకంతో వత్తాడు బాబూ." తల్లికి ఇత్తడి అంటగట్టబోయాడని పెద్దలు తప్పు వేశారట. మేకని ఇచ్చుకున్నాడట. కళ్లకి వేరే ఇంటివాళ్లు కడియాలు ఇచ్చేశారట. పతకం ఏమైందంటే — "దూడ మెడకి కట్టీసినాడు."

పట్టీ కొలిమి దగ్గర పెడుతున్నాను. తను మాట్లాడుతూనే ఉంది. "రిబ్బను కుళ్లిపోతే ఆ రింగు మావే ఏయించినాడు. పాత ఇత్తడి ముక్కతో. అది ఇత్తడని మాకూ తెలుసు. పతకం కూడా ఇత్తడేనని నువ్వు సెప్తేనే తెలిసింది."

చెమటకి నల్లబడి పతకంలో కలిసిపోయిన ఆ రింగు దగ్గరే నేను గీసింది. సరిగ్గా అతుకు మీద.

పట్టీ ఎలా అతికించానో తెలీదు.

నవంబర్ 16

"అతుకు కాడ గీయరా, దొంగతనం అక్కడే దాక్కుంటాది" — నాన్న. పట్టీ అయినా, కడియం అయినా, మొలతాడైనా. ముప్పై ఏళ్లుగా నా చెయ్యి దానంతటదే అతుకు దగ్గరికి పోతుంది. పతకం వెనక వైపు ఒక్క గీత గీసి ఉంటే చాలు.

గీయలేదు. కొండోళ్ల దగ్గర మంచి వెండి ఎందుకుంటుందిలే అని లోపల అనుకున్నానా? అనుకున్నాను. వాళ్ల కాళ్లకీ మెడలకీ వెండి అమ్ముతూ బతుకుతున్నవాణ్ణే అలా అనుకున్నాను. రాయడానికి సిగ్గేస్తోంది.

మా ఆవిడ వరలక్ష్మికి చెప్పాను. "ఇప్పుడెళ్లి తప్పయిపోనాదంటే రేపు మన కొట్టుకి ఎవులొత్తారండీ? ఊరుకోండి." ఊరుకోమంటే హాయిగా అనిపించింది. అదీ సిగ్గే.

నవంబర్ 18

వెళ్లలేదు. వాన అని రాద్దామనుకున్నాను. వాన లేదు.

నవంబర్ 20, గురువారం

కొట్టు మూసి వెళ్లాను. జీపు దిగాక గంట నడక, దారి పొడుగునా వలిసె పూలు. దూడ మెడలో పతకం, పేడ అంటుకుని. తాత నన్ను చూసి లేచాడు. మంచం వాల్చాడు, అంబలి తెప్పించాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

తాత దూడని పట్టుకున్నాడు. పతకం తుడిచి, సంచిలో తెచ్చిన చిన్న గీటురాయి మీద దాని వెనకవైపు గీశాను. తెల్లటి గీత. యాసిడ్, ఆ పైన ఉప్పునీటి చుక్క — విరిగిన పాలలా తెల్లగా వచ్చింది. నూటికి తొంభై పాళ్లకి తగ్గదు.

"వెండే తాతా."

వంగి రాయి వైపు చూశాడు. "మరి ఆ దినం?"

రింగు మీద గీశాను, తప్పు నాది. ఈ ముక్కే దారంతా వల్లె వేసుకుంటూ ఎక్కాను. సుక్రి చూస్తోంది. పక్కింటివాళ్లు ఇద్దరు వచ్చి నిలబడ్డారు.

"కొట్టులో రాయి పాడైపోయింది తాతా. అరిగిపోయింది" అన్నాను.

తాత నవ్వాడు. "పన్నెండు దినాలైనాది మావ నవ్వి" అంది సుక్రి. "రాయి పాడైపోతే నువ్వేటి సేత్తావు బాబూ" అని నా వీపు తట్టాడు. ఆ చెయ్యి ఇంకా వీపు మీదే ఉన్నట్టుంది. అంబలి మొత్తం తాగాను.

నవంబర్ 22, శనివారం

సంత. తాత వచ్చాడు. పతకం చింతపండు పెట్టి తోమినట్టున్నాడు, మెరుస్తోంది. కనబడినవాడికల్లా చెబుతున్నాడు: "వెండేనట. సావుకారి రాయి సెడిపోయిందట." మేక తిరిగిరాదు. కళ్లూ పెట్టేశారు. అయినా చెబుతున్నాడు.

కొట్టు ముందుకి వచ్చి తువ్వాలు విప్పాడు. లోపల నల్లటి రాయి, అరచేయంత.

"రెండు దినాలు గెడ్డలో ఎతికినాను. నున్నగుంది. ఆ సెడిపోయిన రాయి పారీసి ఇది ఎట్టుకో."

బల్ల మీద ఉన్న నా రాయి మీదికి గుడ్డ లాగాను. తాత పతకం తీసి చేతికిచ్చాడు. "దీని మీద గీసి అందరికీ సూపించు." ఆ రోజు నవ్వినవాళ్లంతా ఉన్నారు. చెప్పాల్సింది ఇప్పుడే, వీళ్ల ముందే. నోరు తెరిచాను.

గీశాను. ఏటి రాయి, మరీ నునుపు. వెండి జారిపోయింది, గీత పడలేదు. తాత వంగి చూశాడు. చూపు సరిగా ఆనదు.

"పడినాదా బాబూ?"

పడిందన్నాను. వెండేనన్నాను. జనం తాత వైపు తిరిగారు. ఒకడు పతకం చేతిలోకి తీసుకుని చూశాడు.

తాత తెచ్చిన రాయి బల్ల మీదే ఉంది. ఎక్కడ పెట్టమంటారని వరలక్ష్మి రెండుసార్లు అడిగింది…