డ్రైవరు పేరు రాసే చోట

బళ్ళారి కంటోన్మెంట్,
13 నవంబర్ 2025, గురువారం,
పొద్దున ఏడు గంటలు.

చిరంజీవి క్రిస్టీకి,

మీ నాయన దయాసాగర్ మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. దేవుని దయ వల్ల ఇక్కడ మీ అమ్మా నేనూ ఆరోగ్యంగానే ఉన్నాం. సండూరు హాస్టల్లో నువ్వూ, నీ తోటి నర్సమ్మలూ బాగున్నారని తలుస్తాను. అక్కడ చలి మొదలైందని బస్సు డ్రైవరు తాయప్ప చెప్పాడు. చలికి నీ ఎడమ చీలమండలో వేసిన కడ్డీ లాగుతుందని నాకు తెలుసు. పడుకునేటప్పుడు మేజోళ్ళు వేసుకో.

చేతిలో ఫోను పెట్టుకుని ఉత్తరమేంటి అనుకుంటావేమో. రెండు నెలలుగా ఫోన్లో నువ్వు నాకు ఒక్కటే మాట చెబుతున్నావు, సరే నాయనా అని. ఆ సరే తర్వాత ఏం మాట్లాడాలో నాకు తోచదు, ఫోను పెట్టేస్తాను. నాలుగున్నర సండూరు బస్సు తాయప్పది. వాని చేతికిస్తే సాయంత్రానికి హాస్టల్లో అందిస్తానన్నాడు. ఆలోపు రాయడం అయిపోవాలి.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. షోరూమోళ్ళు పంపిన కాగితం మీద సంతకం పెట్టొద్దు. రేపు పొద్దున పెట్టి పంపించేస్తానని అమ్మకు చెప్పావంట. నీ కారు గేరుబాక్సు పోవడానికి నడిపినవాళ్ళ తీరే కారణమని అందులో రాసుంది. అది ఒప్పుకుంటే రిపేరు ఖర్చు సగం వాళ్ళే పెట్టుకుంటారంట. సగం కోసం లేని తప్పు నెత్తిన వేసుకుంటావా? అది చాలదన్నట్టు పల్లెల డ్యూటీ వదిలేసి వార్డుకు మారతానని ఆస్పత్రిలో అర్జీ ఇచ్చావని కూడా అమ్మ చెప్పింది. నాకు డ్రైవింగ్ చేతగాదమ్మా, ఊరికే వదిలేయండి అన్నావంట. ఆ మాట విన్నప్పటి నుంచి నేను ఒక చోట నిమిషం కూర్చోలేకపోతున్నాను. నిన్నటి నుంచి మీ అమ్మ, కాలు కాలిన పిల్లి మాదిరి ఇంట్లో తిరగొద్దయ్యా, నాకు కండ్లు తిరుగుతాండాయి అని గొణుగుతోంది.

స్కూటీ మీద నుంచి పడి కాలు విరిగినాక ఇక క్లచ్చి తొక్కలేవని డాక్టరు అన్నప్పుడు నువ్వు ఏడవలేదు. క్లచ్చి లేని కార్లు ఉండాయి గదా నాయనా అన్నావు. ఆ చిన్న ఎస్‌యూవీ ఆటోమేటిక్ బండిని నువ్వే చూసుకున్నావు, నువ్వే కొనుక్కున్నావు. మందుల డబ్బా వెనక సీట్లో పెట్టుకుని గనుల చుట్టూ ఉన్న పన్నెండు పల్లెలు తిరిగావు. ఎర్ర దుమ్ములో మునిగి ఇంటికొచ్చిన కారును ఆదివారం పొద్దున నేను కడుగుతుంటే, మన వీధిలో ఎవరు పలకరించినా మా పాప బండి అని చెప్పేవాణ్ణి.

అలాంటి కారు మూడేళ్ళు నిండకుండా, నలభై వేల కిలోమీటర్లకే ఆగిపోయింది. సెప్టెంబర్‌లో తోరణగల్లు రోడ్డు మీద నువ్వు ఫోను చేస్తే మెకానిక్ యల్లప్పను వెంటబెట్టుకుని వచ్చాను. ఇంజిను అరుస్తోంది, బండి కదలదు. చుట్టూ నలుగురు చేరారు. అప్పుడు నేనన్న మాట నాకు బాగా గుర్తుంది. మా పాప బ్రేకు మీద కాలు పెట్టే నడుపుతాదప్పా, ఆడపిల్లలకు గేరుబాక్సు విలువ యాడ తెలుస్తాది అన్నాను. ముప్పై ఒక్క ఏళ్ళు మైన్స్ లారీ నడిపాననే పొగరు అలా మాట్లాడించింది. నువ్వు నా వైపు ఒక్కసారి చూశావు. మందుల డబ్బా తీసుకుని ఆటో ఎక్కి వెళ్ళిపోయావు. ఆ సాయంత్రమే తాళంచెవి ఫ్రిజ్జు మీద పెట్టి హాస్టల్లో చేరావు.

అక్కడితో పోలేదు. బండి లాక్కుపోవడానికి వచ్చిన షోరూము మనిషి నా మాటలు విని ఫిర్యాదు కాగితంలో రాసుకున్నాడు. డ్రైవరు బ్రేకు మీద కాలు ఉంచి నడుపుతారని ఓనరు తండ్రి చెప్పారు, అని. కంపెనీవాళ్ళు ఇప్పుడు దాన్నే పట్టుకుని కూర్చున్నారు. ఈ సంగతి నిన్న సాయంత్రం ఎరిక్ ఇంటికొచ్చి చెబితే తెలిసింది. మన చర్చిలో తబలా వాయించే ఎరిక్ ఆ షోరూములోనే కదా పని చేసేది. ఇంకో కాగితం కూడా చూపించాడు. దాని సంగతి తర్వాత రాస్తాను.

కాఫీ తాగమని అమ్మ పిలుస్తోంది.

పగలు ఒంటిగంట.

కాఫీ తాగి మళ్ళీ కూర్చోలేకపోయాను. నా స్కూటరు తీసి మోక ఊరికి వెళ్ళొచ్చాను. అక్కడ సిద్దేశ్ అనే స్కూలు మాస్టరు ఉన్నాడు, ఆయనదీ నీ కారే, రంగు ఒక్కటే తేడా. ఆయనకు ముప్పై ఆరు వేలకే గేరుబాక్సు పోయింది. ముందు బండి తీసేటప్పుడు ఒక కుదుపు, తర్వాత గేరు పడటానికి ఆలస్యం, ఆ తర్వాత ఎర్ర లైటు. నీకూ అదే వరుస కదా. ఈ రెండు నెలల్లో ఇలాంటి వాళ్ళను ఆరుగుర్ని పట్టుకున్నాను. పెట్రోలు బంకుల దగ్గర, టైర్ల అంగళ్ళ దగ్గర అదే కారు కనబడితే చాలు, ఆపి అడుగుతున్నాను. ఒకాయన నన్ను ఇన్సూరెన్సు అమ్మేవాడనుకుని అద్దం ఎత్తేశాడు. అందరం కలిసి కంపెనీకి అర్జీ రాస్తున్నాం. సిద్దేశ్ సారు దాన్ని కన్నడలో చక్కగా రాశాడు.

విప్పిన నీ కారు గేరుబాక్సును యల్లప్ప కూడా చూశాడు. ఇంత లేత సామాను నేను యాడా చూళ్ళేదన్నా, దీన్ని దేవుడు నడిపినా పోతాది అన్నాడు. కాబట్టి తప్పు కంపెనీది. నీది కాదు. ఈ మాట ఎన్నిసార్లు రాయమన్నా రాస్తాను.

నువ్వు నాకంటే బాగా నడుపుతావు. ఇది నీ ఎదుట ఎప్పుడూ అనలేదు. ఆదివారం చర్చి అయ్యాక నీ కారు తీసుకుని సండూరులో గాదిలింగప్పను చూసి రావడం నాకు అలవాటు కదా. నా పాత లారీ ఓనరు, పక్షవాతం వచ్చి మంచాన ఉన్నాడు. మాట సగం సగమే వస్తుంది. అయినా నన్ను చూస్తే ఇంట్లోవాళ్ళను పిలిచి, నా డ్రైవర్లలో డీజిలు మిగిల్చినోడు వీడొక్కడే అని చెబుతాడు. ఆ ఒక్క మాట వినడానికే వెళ్ళేవాణ్ణేమో. నీకు అలాంటి మాట ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాణ్ణి నేను. నడిరోడ్డు మీద నలుగురి ముందర దాన్ని తిరగేసి చెప్పాను. నన్ను క్షమించు పాపా.

ఇదంతా రాశాక కూడా మనసు కుదుటపడలేదు. వాకిట్లోకి వెళ్ళి మళ్ళీ వచ్చాను. టైము మూడున్నర అయింది. బస్సుకు ఆలస్యమైతే తాయప్ప ఆగడు.

సంతకం పెట్టొద్దు. వార్డు డ్యూటీ అర్జీ వెనక్కి తీసుకో. నీ కారు బాగయ్యేదాకా ఎట్లాగోలా వేరే ఆటోమేటిక్ బండి చూస్తాను. అమ్మ నీకు కొర్రబియ్యం, చెనక్కాయల పొడి పంపిస్తోంది. దేవుడు నీకు తోడుగా ఉండాలి.

ఇట్లు
నీ మేలు కోరే నాయన
దయాసాగర్

తాజా కలం:

పాపా, ఈ ఉత్తరం తాయప్ప చేతికిచ్చాను. వాడు జేబులో పెట్టుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు. నేను ఇంటికని నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగొచ్చి ఉత్తరం అడిగి తీసుకున్నాను. ఏందప్పా, తప్పేమన్నా రాసినావా అన్నాడు. రాయాల్సింది రాయలేదన్నాను. టికెట్ తీసుకుని నేనూ ఎక్కేశాను. బస్సులో కూర్చుని రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతున్నాయి.

ఎరిక్ చూపించిన ఇంకో కాగితం సంగతి తర్వాత రాస్తానని పైన రాసి, రాయకుండానే ఉత్తరం కింద సంతకం పెట్టేశాను. అది నీ కారు కంప్యూటరులోంచి తీసింది. బండి పరుగెత్తుతుండగా గేరు న్యూట్రల్‌లోకి తీసి, మళ్ళీ వేసిన తేదీలూ టైములూ అందులో ఉన్నాయి. పంతొమ్మిది సార్లు. కంపెనీ చూపించే పెద్ద సాక్ష్యం అదే. ఎరిక్ వాటిలో ఒక తేదీ మీద వేలు పెట్టాడు. ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం, సాయంత్రం నాలుగు గంటలు. ఆ టైముకు క్రిస్టీ చర్చిలో పిల్లోళ్ళకు ఈస్టరు పాటలు నేర్పిస్తాండె గదా అంకుల్, తబలా నేనే వాయించినా అన్నాడు. అమ్మ ఇచ్చిన టీ తాగి వెళ్ళిపోయాడు. పంతొమ్మిది తేదీలూ ఆదివారాలే.

ఆదివారాలు నడిపింది నేను.

లారీ నడిపే రోజుల్లో, ఖాళీ బండితో సండూరు కొండ దిగుడు మొదలవగానే మేమంతా గేరు తప్పించి న్యూట్రల్ చేసేవాళ్ళం. కింద ఊరు కనబడేదాకా బండి తన బరువుతో తానే దిగేది. గాదిలింగప్పకు నేను మిగిల్చిన డీజిలు అట్లా మిగిలిందే. ఇంజిను శబ్దం తగ్గిపోయి టైర్ల శబ్దం ఒక్కటే వినిపించేది. అప్పుడు నేను గొప్ప డ్రైవరునని అనిపించేది. నీ కారులో అదే దిగుడు వచ్చేసరికి, నా చెయ్యి నన్ను అడక్కుండానే గేరు మీదికి పోయేది. కారు కొన్న కొత్తలో నువ్వు పుస్తకం చదివి వినిపించావు, నడిచేటప్పుడు న్యూట్రల్ చెయ్యగూడదంట నాయనా అని. నేను నవ్వి, నువ్వు నాకు నేర్పిస్తావామ్మే అన్నాను.

తోరణగల్లు రోడ్డు మీద నీ మీద తప్పు వేసినప్పుడు నాకు ఇది తెలియదని చెప్పాలని ఉంది. తెలుసు. మనసులో ఒక మూల తెలుసు కాబట్టే అంత గట్టిగా అరిచాను. నువ్వు నా వైపు చూసిన ఆ చూపు గురించి ఇప్పుడు ఆలోచిస్తున్నాను. నీకూ తెలుసేమో. నా పేరు బయటికి రాకూడదనే ఆ కాగితం మీద సంతకం పెడతానంటున్నావేమో. అదే నిజమైతే, పాపా, అసలు పెట్టొద్దు. కూతురి సంతకం వెనక దాక్కుని నేను ఎవరికి మొహం చూపించేది?

నా వల్ల మిగతావాళ్ళ అర్జీ చెడిపోతుందేమోనని బస్టాండు నుంచే సిద్దేశ్ సారుకు ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అంతా విన్నాడు. తర్వాత, మోకలో దిగుడే లేదు గదప్పా, మా కారు యాడ న్యూట్రల్‌లో దిగుతాది, నీ నిజం నువ్వు చెప్పు, మా నిజం మేం చెప్తాం అన్నాడు. కంపెనీ తప్పు కంపెనీకి ఉంది, నా తప్పు నాకుంది. నీకు మాత్రం ఏ తప్పూ లేదు.

బస్సు ఇప్పుడే దిగుడులోకి వచ్చింది. తాయప్ప గేరులోనే దిగుతున్నాడు. ఇంజిను మూలుగుతోంది, నా సీటు కింద రేకంతా అదురుతోంది. ఇన్నేళ్ళలో ఈ దిగుడును ఈ శబ్దంతో వినడం ఇదే మొదటిసారి.

ఉత్తరం తాయప్పే తెచ్చిస్తాడు. నేను హాస్టలు దాకా రాను, నీకు చూడాలని లేకపోవచ్చు. బస్టాండులో బెంచీ మీద కూర్చుంటాను. ఆ కాగితం తీసుకుని రా, లేదంటే తాయప్ప చేతికిచ్చి పంపు. బండి నడిపిన వారి పేరు అని అందులో ఒక గీత ఉందంట, ఎరిక్ చెప్పాడు. దాన్ని ఖాళీగా ఉంచు. పెన్ను నా దగ్గరే ఉంది.