కూల్చిన నాలుగు వరుసలు

నాచారం,
10 ఫిబ్రవరి 2025, సోమవారం

ఉప్పల్‌లో ఉన్న తిరుపతి బావకు నాచారం గండయ్య నమస్కారం పెట్టి రాసేది.

ఇక్కడ నేను, మా ఇంటామె కిష్టమ్మ మంచిగా ఉన్నాం. నువ్వు, మా చెల్లె సారలమ్మ కూడా మంచిగానే ఉన్నారనుకుంటాను. అడగడం పద్ధతి కనుక అడిగాను. కోపం పోయి అడిగింది కాదు.

ఆ కోపం తొమ్మిదేళ్లది. నారపల్లిలో ప్లాట్ల చుట్టూ ప్రహరీ కడుతున్నప్పుడు, ఓనరు, పన్నెండు మంది కూలీలు చూస్తుండగా, నేను కట్టిన గోడను కాలితో తన్ని నాలుగు వరుసలు కూల్చావు. "గిదేం గోడ గండయ్యా, కల్లు తాగినోని నడక లెక్కున్నది" అన్నావు. అందరూ నవ్వారు. వరుస వంకర పోకుండా కట్టే దారానికి ఆ కొసన నువ్వు, ఈ కొసన నేను నిలబడి ముప్పై ఏళ్లు కలిసి కట్టినవాళ్లం. ఆ పొద్దు తాపీ కడుక్కుని వచ్చేశాను. మళ్లీ నీ గడప తొక్కలేదు. పండక్కీ పబ్బానికీ చెల్లెనే మా ఇంటికి వస్తుంది. "మా అన్న గోడను తన్నిన కాలు గిదేనా" అని నిన్ను రోజూ పొడుస్తానని చెబుతుంది. వినడానికి నాకు బాగానే ఉండేది.

ఇక జరిగింది చెప్తాను. మొన్న రెండో శనివారం మా సర్కారు బడికి జపాన్ నుంచి కాలేజీ పిల్లలు పది మంది వచ్చారు. తమ దేశం కాని దేశంలో ఒక రోజు పని చేసిపెట్టి పోతారట. బడి పిల్లలు చేతులు కడుక్కోవడానికి నల్లాలు బిగించే గోడ కట్టాలి. హరిణి టీచర్ ముందు రోజే ఇంటికి వచ్చి, "తాతా, ఆళ్లకు ఇటుక పట్టుడు సుత రాదు, జర నువ్వు నిలబడాలె" అంది. కిష్టమ్మ ఊరుకుంటుందా. "మోకాళ్ల నొప్పులని కూరగాయలకు పోనోడు గోడ కట్టవోతడట" అని ఎత్తిపొడిచింది. ఆ మాటకే పోయాను.

ఎనిమిదింటికి రమ్మంటే పావు తక్కువకే గేటు ముందు వరసగా నిలబడ్డారు. మన పనిలో ఎవరన్నా అట్లా వచ్చారా? నువ్వు వచ్చావా? అందులో మియో అనే పిల్లను నా ఎదురు కొసన పెట్టుకున్నాను. మనిషి ఇంతే ఉంటుంది గానీ చెయ్యి చురుకు. నేను తెలుగులో తిడితే ఆమె వంగి దండం పెడుతుంది. దండం పెట్టేదాన్ని ఎంతసేపు తిడతాం?

మధ్యాహ్నం తిన్నాక చూస్తే ఆమె వైపు సిమెంటు మాలు అప్పుడే తెల్లబడి పొడిపొడిగా రాలుతున్నది. వేలు పెట్టి చూశాను. రెండు వరుసల ఇటుకలు తడపకుండా పెట్టేసింది. ఎండిటుక సిమెంటులోని నీళ్లన్నీ తాగేస్తుంది, గోడ నిలవదు, పిల్లల మీద పడుతుంది. ఒక్క తోపు తోసి రెండు వరుసలూ కూల్చాను. ఆ పిల్ల ఏడ్వలేదు, అలగలేదు. పడిన ఇటుకలు ఏరుకుని, అంటిన మాలు గీకి, ఒక్కొక్కటీ నీళ్లలో వేసి బుడగలు ఆగేదాకా అక్కడే కూర్చుంది.

నాలుగింటికి అందరూ గుండ్రంగా నిలబడ్డారు. వాళ్ల అలవాటట. పని ఆపాక ఒక్కొక్కరు ఆ రోజు తాము చేసిన తప్పు ఒకటి చెప్పాలి. వినేవాళ్లు నవ్వకూడదు, పర్వాలేదు అని కూడా అనకూడదు. మియో ఇంగ్లీషులో అన్నదాన్ని హరిణి టీచర్ మన మాటలో చెప్పింది: "ఇటుక తడపాలని తాత పొద్దుగాలనే చెప్పిండు. తొట్టి దూరమున్నదని తడపలే. ఎవ్వలు సూడలే గదా అనుకున్న."

నా వంతు వచ్చింది. మీసం మీద చెయ్యి వేసి, "నలభై అయిదేండ్ల సంది నా గోడకు తప్పు లేదు" అన్నాను. టీచర్ ఏమని చెప్పిందో గానీ పది మంది పిల్లలూ నాకు వంగి దండం పెట్టారు. బావా, నువ్వు నా గోడను తన్నిన రోజు కూడా నా తల అంత కిందికి పోలేదు.

వాళ్ల బస్సు వచ్చింది, పోయారు. గోడ ఇంకా అయిదు వరుసలు లేవాలి. ఉప్పల్ చౌరస్తా అడ్డా మీద మేస్త్రీలు లేరా అని టీచర్ అడిగింది. వంద మంది ఉన్నారు, నాకు అక్కర్లేదన్నాను. ఎదురు కొసన నువ్వు ఉండాలి. ఆదివారం 16వ తారీఖు పొద్దున ఎనిమిదింటికి పని మొదలు. శనివారం పొద్దుగూకే లోపల నాకు జవాబు కావాలి. చీటీ రాస్తావో, ఫోన్ చేస్తావో నీ ఇష్టం. వస్తానని అను, రానని అను. పలకకుండా కూర్చుంటే మాత్రం ఊరుకునేది లేదు.

ఇట్లు,
నీ బావమరిది,
తాపీ మేస్త్రి గండయ్య

తా.క. కవరు అంటించబోయి ఆగాను. నారపల్లిలో ఆ నాలుగు వరుసలు దారం లేకుండానే పెట్టాను. ఆ పొద్దు చెరో పక్క కడుతున్నాం కదా, నీకంటే ముందు ముగించి ఓనరు ముందు నిలబడాలని దారం విప్పేసి కంటిచూపుతో లాగించాను. వంకర పోయిందని నువ్వు చూడకముందే నాకు తెలుసు. దారం కట్టినవా అని నువ్వు అడిగితే, కట్టిన, అమ్మ తోడు అన్నాను. ఇంటికి వచ్చి చెల్లె దగ్గరా అదే ఒట్టు పెట్టాను. తొమ్మిదేళ్లుగా నీ ఇంట్లో నిన్ను పొడుస్తున్నది నా అబద్ధం. ఈ కాగితం ఆమెకు చదివి వినిపించకు. ఆదివారం ఆమెను వెంట తీసుకురా, నీ ముందర నా నోటితో చెప్తాను. ఇది తెలిశాక గండయ్య పక్కన నిలబడను అంటే, ఆ మాట కూడా శనివారం లోపలే చెప్పు.